వదిన కట్టిన తల

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, పసిపిల్లలను కింద పడేస్తుందని చెబుతాను. అడిగినవాళ్ళ మొహం అప్పుడు చూడాలి. కాసేపు వాళ్ళను అలాగే ఉండనిచ్చి, "కంప్యూటర్లో లెండి" అంటాను. అన్నయ్యకు ఈ వేళాకోళం గిట్టదు. వదిన మాత్రం, "అబద్ధమేముంది, చేసేది అదేగా" అనుకుంటూ పక్క గదిలోకి నడిచిపోతుంది.

ఆవిడ నడక గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను. టీ నిలబడి తాగుతుంది. ఫోన్ వస్తే వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూ మాట్లాడుతుంది. సినిమాకు తీసుకెళ్తే సగంలో లేచి, తలుపు దగ్గర నిలబడి మిగతా సగం చూస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ, "ఈ పిల్ల కాలికి బలపం కట్టుకుని పుట్టిందా ఏంటే" అని నా చెవిలో గొణిగింది. నేనేమో కుట్టుపని చేసేదాన్ని, పొద్దస్తమానం మిషన్ ముందు ఒకే కుర్చీలో ఉండేదాన్ని. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఇద్దరం ఎలా వేగుతున్నామో దేవుడికే ఎరుక.

ఆవిడ పని నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆసుపత్రిలో తీసిన స్కాన్‌లోంచి పసిపిల్ల తల ఆకారం తీసుకుని, కంప్యూటర్లో దాన్ని రెండు లక్షల చిన్న ముక్కలుగా కడుతుంది. దెబ్బ తగిలినప్పుడు ఒక్కో ముక్క పక్క ముక్కను ఎంత నెడుతుందో, ఎక్కడ వంగుతుందో, ఎక్కడ పగులుతుందో కంప్యూటర్ లెక్క కడుతుంది. తెర మీద తల మొదట నీలంగా ఉంటుంది. దెబ్బ పడ్డచోట పసుపు పచ్చగా మారి, ఎర్రబడుతుంది. పసివాళ్ళ తలంటే పెద్దవాళ్ళ తలకు చిన్న సైజు కాదని ఆవిడ కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంది. మాడు పూడి ఉండదు, ఎముకల మధ్య అతుకులు కలిసి ఉండవు, ఎముక కూడా వారం వారం గట్టిపడుతూ ఉంటుంది. స్కాన్ చూస్తే ఆకారం తెలుస్తుంది గానీ ఎముక ఎంత గట్టిదో తెలియదు. అది పిల్ల వయసును బట్టి ఒక పట్టికలోంచి తీసుకోవాలి.

ఈ లెక్కలు కారు సీట్లు, ఉయ్యాలలు తయారుచేసేవాళ్ళకు పనికొస్తాయి. అప్పుడప్పుడు ఇంకో పనికీ వాడతారు. ఇంట్లో పసిపిల్లకు తల పగిలిందనుకోండి. పడిందంటారు ఇంట్లోవాళ్ళు. పడిందో, ఎవరైనా పడేశారో పిల్ల నోరు తెరిచి చెప్పలేదు కదా. అలాంటప్పుడు పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్ళు వదిన లాబ్‌కు కాగితాలు పంపుతారు. అంత ఎత్తు నుంచి పడితే అలాంటి పగులు వస్తుందా రాదా చెప్పమంటారు.

అలా వచ్చిందే లిఫ్టు మెకానిక్ కూతురి కేసు.

పాపకు పంతొమ్మిది వారాలు. తల్లి మందుల షాపులో పనికి వెళ్ళింది. తండ్రి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. పాపను సోఫా మీద పడుకోబెట్టి తువ్వాలు కోసం ఇటు తిరిగానని, వెనక చప్పుడయిందని అతను చెప్పాడు. కుడి చెవి పైన ఎముక చిట్లింది. పాప బతికి బట్టకట్టింది, దానికేం లోటు లేదు. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు, ఆఫీసువాళ్ళు వేరే ఇంట్లో పెంచడానికి ఇచ్చారు. తల్లి వారానికి రెండుసార్లు వెళ్ళి చూడొచ్చు. తండ్రి చూడటానికి వీల్లేదు, విచారణ తేలేవరకూ. తేలాక ఏమవుతుందో వదిన రాసే రిపోర్టు మీద చాలావరకు ఆధారపడి ఉంది.

వదిన ఆ ఇంటికి స్వయంగా వెళ్ళి కొలతలు తీసుకొచ్చింది. సోఫా ఎత్తు నలభై ఏడు సెంటీమీటర్లు. కింద టైల్స్, వాటి మీద పల్చటి చాప. అతను దిండు ఎలా మడిచి అడ్డం పెట్టాడో, తను ఎన్ని అడుగులు వేశాడో మళ్ళీ మళ్ళీ చేసి చూపించాడట.

"ఎన్నిసార్లు?" అని అడిగాను.

"నాలుగుసార్లు. నేను చెప్పులేసుకుంటుంటే మళ్ళీ మొదలెట్టాడు."

"అన్నిసార్లు చెప్పాడంటే ఏదో ఉందన్నమాటే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?"

సూదిలో దారం ఎక్కిస్తూ ఎంత తేలిగ్గా అనేశానో. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పాప ఏ వైపుగా పడిందో ఎవరూ చూడలేదు కాబట్టి, కంప్యూటర్ ఆ పాపను అదే సోఫా మీద నుంచి నూరు విధాలుగా పడేసింది. నూరింటిలో ఏడుసార్లే ఎముక చిట్లింది. ఈ ఎత్తు నుంచి పడితే ఈ పగులు రావడానికి అవకాశం చాలా తక్కువని రాసి, సంతకం పెట్టి, వదిన శుక్రవారం రిపోర్టు పంపేసింది. విచారణ వచ్చే గురువారం.

పంపేశాక మామూలుగా ఆవిడ ఒక పూటైనా నిమ్మళంగా ఉంటుంది. ఈసారి శనివారమంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఉతికి ఆరేసిన బట్టలు మళ్ళీ నీళ్ళలో వేసింది. ఆదివారం అల్మారా మొత్తం కిందికి దించి, సర్దకుండా అలా వదిలేసి మేడ మీదికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా దిగొచ్చింది. "గచ్చు అరిగిపోతోంది, ఇంటి ఓనరు చూస్తే ఖాళీ చేయమంటాడు" అన్నాడు అన్నయ్య. ఆవిడ నవ్వలేదు. అన్నం కలుపుకుని, కంచం పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడింది.

"ఏదో గుచ్చుతోంది. ఏంటో తెలీట్లేదు" అంది. "తల చుట్టుకొలత తక్కువుంది. కొందరి తలలు చిన్నవే, అందులో వింతేం లేదు. కానీ గుచ్చుతోంది."

సోమవారం పొద్దున్న నేను ఒక బుజ్జిగాడికి టోపీ కుడుతున్నాను. వదిన బ్యాగు భుజానేసుకుని వచ్చి నా మిషన్ పక్కన నిలబడింది.

"నాలుగున్నర నెలల పిల్లకైతే టోపీకి చుట్టు ఎంత పెడతావే?"

"పిల్లేది?"

"పిల్ల లేదు. నెలలు చెప్పాగా."

"నెలలకు టోపీ కుట్టరు వదినా, తలకు కుడతారు. పోయిన నెలలో ఒకావిడ ఇలాగే నెలలు చెప్పి కుట్టించుకుపోయింది. పెడితే ముక్కు దాకా దిగిందని తగాదాకొచ్చింది. తీరా అడిగితే ఆ పిల్లాడు ఎనిమిదో నెలలోనే పుట్టేశాడట. ఆ ముక్క ముందే చెప్పి ఏడవొద్దూ?"

వదిన మొహంలో రంగు పోయింది. బ్యాగులోంచి కాగితాల కట్ట తీసి నా కత్తిరింపుల బల్ల మీదే పరిచి, ఒక్కొక్కటే తిప్పింది. ఆసుపత్రిలో పాప పుట్టినప్పటి చీటీ అడుగున ఎక్కడో ఉంది. ముప్పై ఒకటో వారంలో కాన్పు.

"ఇది నేను చూశాను" అంది. "చదివాను కూడా. కానీ ప్రోగ్రాంలో దీనికి గడి లేదు."

ఆ ప్రోగ్రాం పిల్ల పుట్టిన తేదీ అడుగుతుంది, స్కాన్ తీసిన తేదీ అడుగుతుంది. మధ్యలో వారాలు తనే లెక్కపెట్టుకుని, పట్టికలోంచి ఎముక గట్టిదనం తనే తీసుకుంటుంది. కడుపులో ఎన్ని వారాలు ఉందని మాత్రం అడగదు. తొమ్మిది వారాలు ముందే పుట్టిన పిల్ల ఎముక పది వారాల పిల్ల ఎముకలాగే లేతగా ఉంటుందట. దానికి వదిన లెక్క పంతొమ్మిది వారాల ఎముక పెట్టింది.

"ఆ గడులు ఎవరు పెట్టారు? వాణ్ణి తన్నాలి" అన్నాను.

"నేనే పెట్టాను. ఆరేళ్ళ కిందట" అంది వదిన, చెప్పులేసుకోకుండానే గుమ్మం దాటుతూ. నేను చెప్పులు పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాల్సి వచ్చింది.

సరైన వయసు పెట్టి మళ్ళీ నూరుసార్లు పడేయడానికి కంప్యూటర్‌కు ఒకటిన్నర రోజు పడుతుంది. మంగళవారం మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని లాబ్‌కు వెళ్ళాను, ఎందుకంటే ముందురోజు క్యారేజీ మూత తీయకుండానే తిరిగొచ్చింది. పొడుగాటి గది. ఒక గోడకు కంప్యూటర్లు హోరుమంటున్నాయి. ఇంకో పక్క రెండు ఇనుప కడ్డీల మధ్య రబ్బరు బొమ్మ తల వేలాడుతోంది, అది నిజంగా కింద పడేసి చూడటానికి. వదిన ఆ కడ్డీల చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. ఒక్కో చుట్టుకూ తెర దగ్గర ఆగి అంకె చూస్తోంది.

నేనూ చూశాను. నీలం రంగు చిన్న తల వాలుతుంది, నేల తాకుతుంది, చెవి పైన పసుపు, ఆపైన ఎరుపు. మళ్ళీ మొదటికి. ఈసారి ఇంకొంచెం పక్కకు తిరిగి వాలుతుంది. వట్టి లెక్కేనని నాకు తెలుసు. అయినా ఆరోసారి ఎర్రబడేసరికి నాకు చూడబుద్ధి కాలేదు, క్యారేజీ సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. పదకొండేళ్ళుగా నేను వేసిన జోకు ఇదా అనిపించింది.

సాయంత్రానికి నూరూ పూర్తయ్యాయి. నూరింటిలో యాభై ఎనిమిదిసార్లు చిట్లింది, అదీ చాలావరకు కుడి చెవి పైనే.

లాబ్ పెద్దాయన్ను అందరూ వెనకాల దశాంశం గారంటారు. సున్నా తర్వాత మూడంకెలైనా లేనిదే ఆయన టైము కూడా చెప్పడట. ఆయన వచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని తెర చూశాడు.

"ఇదే ప్రోగ్రాంతో ఇప్పటిదాకా ఎన్ని రిపోర్టులిచ్చామమ్మా?"

"దీనికి ముందు పదకొండు సార్."

"అవన్నీ తెరవమంటారు."

"తెరుద్దాం."

"తెరుద్దాం, కాదనను. కానీ ముందు పన్నెండూ పద్ధతిగా సరిచూసుకుని, ఓ నెల తర్వాత అన్నీ కలిపి పంపితే మర్యాదగా ఉంటుందేమో..."

"విచారణ ఎల్లుండి సార్."

ఆవిడ గొంతు ఒక్కసారిగా గట్టిగా లేచింది. ఆయన ఉలిక్కిపడి నావైపు చూశాడు, నేనేదో సర్దిచెబుతానన్నట్టు. క్యారేజీ గిన్నె నా చేతిలో ఉంది, అది ఆయన నెత్తిన బోర్లించకుండా ఉండటమే నేను చేసిన సాయం. కానీ మనిషి చెడ్డవాడు కాదు. కాసేపు బొమ్మ తలను చూస్తూ నిలబడి, "సరే, రాయి. తప్పు మన లాబ్‌దని రాయి. కింద నేనూ సంతకం పెడతాను" అన్నాడు.

బుధవారం ఆ కాగితం పంపితే, ఫైలు అప్పటికే విచారణ అధికారి దగ్గరికి వెళ్ళిపోయింది, రేపు చేతికే ఇవ్వమన్నారు ఆఫీసువాళ్ళు. గురువారం కారు నేను నడిపాను. వదిన చేతులు స్టీరింగు పట్టుకునే స్థితిలో లేవు. ప్రతి సిగ్నల్ దగ్గరా, "పచ్చ పడిందా?" అని అడిగింది, ఎదురుగా ఎర్రగా కనిపిస్తున్నా.

విచారణ గది బయట పొడుగాటి బెంచీలు. ఒక బెంచీకి ఈ చివర పాప తండ్రి, ఆ చివర ఆయన భార్య. మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు ఖాళీ. వదిన నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడి, "నేను రాసింది తప్పు. కొత్త లెక్క తెచ్చాను" అంది, ముందూ వెనకా లేకుండా.

ఆయన లేచి నిలబడ్డాడు. తప్పు ఆయనే చేసినట్టు చేతులు కట్టుకున్నాడు.

"సంతకం పెట్టేశాను మేడం. నిన్ననే."

"దేని మీద?"

"పాప ఏడుపు ఆపట్లేదని కోపంలో విసురుగా పడేశానని."

"పడేశారా?"

"గుర్తులేదు." ఆయన గోడ వైపు చూశాడు. "మీరు కొలతలకొచ్చిన రోజు బాగా గుర్తుంది. రిపోర్టు చదివాక గుర్తులేదు. లిఫ్టు ఆగిపోతే మేం మనిషి మాట నమ్మం మేడం. నేనేం నొక్కలేదండీ అంటారు అందరూ. తీరా చూస్తే నొక్కినట్టు మిషన్లో ఉంటుంది. పడితే పగలదని మీ కంప్యూటర్ చెప్పింది. పాపకేమో పగిలింది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఇంకెవరు చేసుంటారు మరి?"

ఆయన భార్య తల తిప్పకుండా అంది, "ఒప్పుకుంటే ఈయన్ను కూడా వారానికోసారి పాపను చూడనిస్తారని చెప్పారు. నేనే పెట్టమన్నాను సంతకం."

అప్పుడు వదిన కూర్చుంది. ఆ ఇద్దరి మధ్య ఖాళీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా అంతా చెప్పింది. ముప్పై ఒకటో వారం, పది వారాల ఎముక, తను మర్చిపోయిన గడి, ఏడుకు బదులు యాభై ఎనిమిది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఈ మనిషిని చూడకుండానే గుమ్మడికాయల దొంగను చేశాను కదా అని నా నోటిని నేనే తిట్టుకున్నాను.

అంతా విని ఆయన ఒకే మాట అడిగాడు. "ఈసారి లెక్క సరిగ్గానే ఉందా మేడం?"

"సరిగ్గానే ఉందనుకుంటున్నాను. కానీ పడితే పగలొచ్చని మాత్రమే ఇది చెబుతుంది. ఆ రోజు మీరేం చేశారో దీనికి తెలీదు. మొదటి లెక్కకూ తెలీదు. తెలిసినట్టు రాశాను, అదీ నా తప్పే."

నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగేశాను. "మీరు చేయలేదు అని ఒక్కమాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఆ మనిషి మొహం చూశావా?"

"ఒకసారి తెలిసినదానికంటే ఎక్కువ చెప్పే కదే, ఆయన్ను అక్కడిదాకా తెచ్చాను" అంది. ఇంటికెళ్ళేదాకా కిటికీ అద్దం దించుతూ ఎత్తుతూనే ఉంది.

విచారణ వాయిదా పడింది. వేరే డాక్టర్లు వచ్చి స్కాన్ మళ్ళీ చూశారు. పాప ఒంటి మీద ఇంకెక్కడా దెబ్బ ఆనవాలు లేదన్నారు. ఆ సంతకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఏడు వారాలకు పాప ఇంటికొచ్చింది. ప్రోగ్రాంలో కొత్త గడి చేరింది. పాత పదకొండింటిలో ఇద్దరు నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు తేలారు, ఆ ఫైళ్ళు ఇప్పుడు మళ్ళీ తెరిచారు. వదిన నడక తగ్గకపోగా ఇంకా పెరిగింది.

పాప ఇంటికొచ్చిన రెండు నెలలకు, ఒక పొద్దున్న మొగుడూ పెళ్ళాలు గౌను కుట్టించడానికి పాపను తీసుకుని మా ఇంటికొచ్చారు. ఆ రోజు బెంచీ మీద మాటల్లో నా పని గురించి విన్నదట ఆవిడ. తెచ్చిన గుడ్డకు లేసు రంగు నప్పలేదు. "మలుపులో షాపుంది, ఇప్పుడే వస్తా" అని ఆవిడ వెళ్ళింది. పాప చాప మీద కూర్చుని నా సుద్దముక్క నోట్లో పెట్టుకోబోతోంది.

"కాస్త ఎత్తి నిలబెట్టండి, పొడుగు కొలుస్తాను" అన్నాను టేపు తీస్తూ.

ఆయన గుమ్మం వైపు చూశాడు. "ఆవిడను రానివ్వండి."

"ఎందుకండీ, క్షణంలో పని."

"మా ఆవిడ చూస్తుంటేనే ఎత్తుకుంటానండి. ఒక్కణ్ణే ఉంటే ముట్టుకోను."

"ఒక్కరెక్కడ, నేనున్నాను కదా."

"మీరు టేపు చూస్తుంటారు కదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా. "నన్ను చూసే మనిషి ఒకరుండాలి. నాకింకా గుర్తు రాలేదు."

పాప ఆయన వైపు రెండు చేతులూ చాపింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను టేపు మళ్ళీ వేళ్ళకు చుట్టేసుకున్నాను. పక్క గదిలో అప్పటిదాకా వినబడుతున్న అడుగుల చప్పుడు ఆగింది. వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేను చూస్తాను. ఎత్తుకోండి" అంది.

ఆయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత వంగి, పాప చంకల కింద చేతులు వేసి లేపాడు. పాప ఆయన చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. వదిన రెప్ప వేయలేదు, పక్కకు కదల్లేదు. భుజం నుంచి మోకాలి దాకా పద్నాలుగు అంగుళాలు వచ్చింది. రాసుకున్నాను. తర్వాత, అవసరం లేకపోయినా, ఆ కొలత మళ్ళీ మొదటి నుంచి నిదానంగా తీశాను.